కరాడ్ కుస్తీ వీరుడు ఖాశాబా జాదవ్

(1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి, నీటిపారుదల ఇంజనీరు)

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం వాళ్ళు ఫోన్ చేసినప్పుడు రెండు రోజులు ఆలోచించాను. చదువు గురించి రాద్దామంటే నాకంటే బాగా చదివినవాళ్ళు మన బడిలో వందల మంది ఉన్నారు. గురువుల గురించి ఎటూ ప్రతి పేజీలోనూ ఉంటుంది. అందుకని మన నంద్యాలకు గానీ, ఆళ్ళగడ్డకు గానీ ఏనాడూ రాని ఒక మనిషి జీవితం రాస్తున్నాను. ఎందుకు రాస్తున్నానో చివర్లో చెబుతాను. పాత మిత్రులు ఓపిగ్గా చదవాలి.

ఆయన ఊరికీ మన ఊరికీ ఉన్న చుట్టరికం నీళ్ళది. మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణ సతారా జిల్లా కరాడ్ దగ్గర కొయ్నా నదిని కలుపుకుంటుంది. అక్కడి నుంచి ఎన్నో ఊళ్ళు దాటి శ్రీశైలం జలాశయానికి చేరుతుంది. పోతిరెడ్డిపాడు దగ్గర మనవైపు మళ్ళి, బనకచెర్ల, వెలుగోడు మీదుగా తెలుగుగంగ కాలువలో పడి ఆళ్ళగడ్డ పొలాలకు వస్తుంది. ఆ నీళ్ళ లెక్కలు చూడటమే నా ఉద్యోగం. చాలా ఏళ్ళ కిందట కొయ్నా ప్రాజెక్టు చూడటానికి వెళ్ళిన మా ఇంజనీర్ల బృందం కరాడ్‌లో ఒక రాత్రి ఆగింది. సాయంత్రం సంగమం ఒడ్డున కూర్చుంటే, టీ తెచ్చిన పెద్దాయన ఆనకట్ట సంగతి వదిలేసి పక్క ఊరి కుస్తీవాడి సంగతి చెప్పాడు. ఆ పక్క ఊరు గోలేశ్వర్. ఆ కుస్తీవాడు ఖాశాబా దాదాసాహెబ్ జాదవ్. స్వతంత్ర భారతానికి మొట్టమొదటి వ్యక్తిగత ఒలింపిక్ పతకం తెచ్చినవాడు. అప్పటిదాకా ఆయన పేరు నాకు తెలియదని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఖాశాబా 1926 జనవరి 15న గోలేశ్వర్‌లో పుట్టాడు. తండ్రి దాదాసాహెబ్ స్వయంగా వస్తాదు. అయిదుగురు కొడుకుల్లో ఖాశాబాయే చిన్నవాడు. అయిదేళ్ళకే తండ్రి గోదాలోకి దింపాడట. మన పల్లెల్లో పిల్లలకు ఈత వచ్చినట్టు ఆ ఇంట్లో పిల్లలకు కుస్తీ వచ్చేది. ఎనిమిదేళ్ళ వయసులో ఆ చుట్టుపక్కల పేరున్నవాణ్ణి రెండు నిమిషాల్లో చిత్తు చేశాడని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

కరాడ్‌లోని తిలక్ హైస్కూల్లో 1940 నుంచి 1947 వరకు చదివాడు. అవి క్విట్ ఇండియా రోజులు. సతారా జిల్లా ఆ ఉద్యమంలో ముందు వరసలో నిలిచిన జిల్లా. అజ్ఞాతంలో ఉన్న ఉద్యమకారులకు చోటు చూపించడం, వాళ్ళ ఉత్తరాలు చేరవేయడం వంటి పనులు ఈ హైస్కూలు కుర్రవాడు కూడా చేశాడు. 1947 ఆగస్టు 15న జెండా ఎగరడం చూసి, అదే జెండా ఒలింపిక్స్‌లో ఎగరేయాలని మనసులో అనుకున్నాడంటారు. పల్లెటూరి రైతుబిడ్డకు ఆ రోజుల్లో ఇది పెద్ద కోరికే.

తరువాత కొల్హాపూర్ రాజారాం కాలేజీలో చేరాడు. కొల్హాపూర్ గురించి ఒక్క మాట చెప్పాలి. ఛత్రపతి శాహూ మహారాజు ఆ ఊరిని కుస్తీకి రాజధాని చేశాడు. ఖాస్‌బాగ్ మైదానం ఆయన కట్టించిందే. వీధివీధికీ ఒక తాలీం, తాలీంకొక వస్తాదు. తెల్లవారుజామున లేచి దండీలు, బస్కీలు తీయడం, ఎర్రమట్టిలో నూనె, మజ్జిగ, పసుపు కలిపి గోదా తవ్వడం, ఆ మట్టిలోనే పట్లు పట్టడం. అంత పేరున్న ఊళ్ళో కాలేజీ కుస్తీపోటీ అంటే అల్లాటప్పా వ్యవహారం కాదు.

కాలేజీ వార్షిక క్రీడలు వచ్చాయి. ఖాశాబా పేరు ఇవ్వడానికి వెళితే, ఆటల మాస్టారు ఆయన బక్కపలుచని ఒళ్ళు చూసి పేరు రాసుకోలేదట. మనిషి అయిదున్నర అడుగులు కూడా లేడు. ఖాశాబా ఊరుకోకుండా నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాడు. ప్రిన్సిపాల్ ఒప్పుకున్నాడు. తనకంటే లావుపాటి వాళ్ళను ఒకరి తరువాత ఒకరిని పడగొట్టి ఖాశాబా కాలేజీ మొత్తాన్నీ ఆశ్చర్యపరిచాడు. పాకెట్ డైనమో అన్న పేరు ఆయనకు స్థిరపడిపోయింది. బాబూరావ్ బలావ్డే, బేలాపురి గురూజీ వంటి పెద్దలు ఆయనకు పట్లు నేర్పారు.

1948లో లండన్ ఒలింపిక్స్. ఎంపికైతే అయ్యాడు గానీ ఓడ ఎక్కాలంటే డబ్బు కావాలి. ఆ ఖర్చు కొల్హాపూర్ మహారాజు భరించాడు. లండన్‌లో ఖాశాబాకు ఎదురైన మొదటి ప్రత్యర్థి మనిషి కాదు, చాప. అంతవరకు ఆయన మట్టిలో తప్ప చాప మీద కుస్తీ పట్టలేదు. మట్టిలో కాలు దిగబడుతుంది, చాప మీద జారుతుంది. మట్టికుస్తీలో ఎదుటివాడి వీపు నేలకు ఆనితేనే ఆట ముగిసినట్టు. ఒలింపిక్స్‌లో గడియారం ఉంది, పాయింట్లు ఉన్నాయి, న్యాయనిర్ణేతలు ముగ్గురు ఉన్నారు. రీస్ గార్డ్‌నర్ అనే అమెరికన్ శిక్షకుడు దగ్గరుండి ఆ మెళకువలు నేర్పాడు. 52 కిలోల విభాగంలో ఖాశాబా ఆస్ట్రేలియా వాణ్ణి, అమెరికా వాణ్ణి ఓడించి, ఇరాన్‌కు చెందిన మన్సూర్ రయీసీ చేతిలో ఓడిపోయాడు. చివరికి ఆరో స్థానం.

చాప అంటే ఏమిటో అప్పుడే చూసినవాడికి ఆరో స్థానం చిన్న విషయం కాదు. చాలామంది దాన్నే జీవితకాలం చెప్పుకుని బతికేవాళ్ళు. ఖాశాబా మాత్రం ఊరికి తిరిగొచ్చి సాధన రెట్టింపు చేశాడు. పైబరువుకు, అంటే 57 కిలోల విభాగానికి మారాడు. నాలుగేళ్ళ తరువాత హెల్సింకి మీదనే ఆయన చూపంతా.

అక్కడిదాకా చేరడానికి కూడా ఒక కుస్తీ పట్టాల్సి వచ్చింది. మద్రాసులో జరిగిన జాతీయ పోటీల్లో తనకు కావాలనే ఒక పాయింటు తక్కువ వేశారని ఖాశాబా నమ్మాడు. అందరిలా గొణుక్కుని ఊరుకోకుండా పటియాలా మహారాజును కలిసి తన వాదన వినిపించాడు. మహారాజుకు ఆ వాదన నచ్చింది. మళ్ళీ ఒక పోటీ పెట్టించాడు. ఖాశాబా ఎదుటివాణ్ణి పడగొట్టాడు. కాలేజీ రోజుల్లో ప్రిన్సిపాల్ తలుపు తట్టినవాడే ఇప్పుడు మహారాజు తలుపు తట్టాడు. అడగడానికి సిగ్గుపడకపోవడం కూడా ఒక పట్టేనని నాకనిపిస్తుంది.

ఎంపికయ్యాక మళ్ళీ అదే సమస్య, డబ్బు. ఈసారి రాజుగారి ఖజానా లేదు. సంస్థానం దేశంలో కలిసిపోయింది. ఖాశాబా ఊరూరా తిరిగాడు. గోలేశ్వర్ వాళ్ళు, కరాడ్ దుకాణాలవాళ్ళు తోచినంత ఇచ్చారు. అయినా చాలలేదు. అప్పుడు రాజారాం కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఖర్డేకర్ గారు ఒక పని చేశారు. తన ఇంటిని తాకట్టు పెట్టి 7,000 రూపాయలు తెచ్చి శిష్యుడి చేతిలో పెట్టారు. 1952లో ఆ సొమ్ము విలువేమిటో మన తాతల కాలం సంగతులు తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. బంధువు కాని పిల్లవాడి కోసం, గెలుస్తాడన్న హామీ లేకుండా, ఉన్న ఒక్క ఇంటినీ తాకట్టు పెట్టిన గురువు ఆయన. మన సంచికలో గురువుల గురించి రాసే వ్యాసాల మధ్య ఆయన పేరు కూడా ఒకచోట ఉండాలని నా కోరిక.

హెల్సింకిలో 1952 జూలైలో పోటీలు. ఖాశాబా కెనడా, మెక్సికో, జర్మనీ వీరులను వరసగా ఓడించాడు. ఆ తరువాత జపాన్‌కు చెందిన షోహాచి ఇషీ. పావుగంటకు పైగా సాగిన ఆ హోరాహోరీలో ఖాశాబా ఓడిపోయాడు. ఇషీ చివరికి స్వర్ణం గెలిచాడు. ఆ ఒలింపిక్స్ మొత్తంలో జపాన్‌కు దక్కిన ఒకే ఒక్క స్వర్ణం అది.

అసలు అన్యాయం ఆ వెంటనే జరిగింది. ఒళ్ళు చెమటతో ఉండగానే సోవియట్ యూనియన్‌కు చెందిన రషీద్ మమ్మద్‌బేయోవ్‌తో తలపడమని పిలిచారు. రెండు పోటీల మధ్య కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని నిబంధన ఉంది. ఆ మాట లేవనెత్తడానికి మనవైపు అధికారి ఒక్కరూ అక్కడ లేరు. అలసిపోయిన ఖాశాబా ఓడిపోయాడు. మమ్మద్‌బేయోవ్‌కు రజతం, ఖాశాబాకు కాంస్యం. ఆ పూట పక్కన నిలబడి నిబంధన చదివి వినిపించే మనిషి ఒకడుంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. పతకం రంగు మారేదేమో, మారకపోయేదేమో. ఆ అరగంట మాత్రం ఆయన హక్కు.

ఆరో స్థానం నుంచి మూడో స్థానానికి. స్వతంత్ర దేశానికి మొదటి వ్యక్తిగత పతకం. ఆయనతోపాటు వెళ్ళిన కొల్హాపూర్ వీరుడు కేశవ్ మంగావే మరో విభాగంలో నాలుగో స్థానంతో తృటిలో పతకం పోగొట్టుకున్నాడు. ఒక్క ఊరి తాలీముల నుంచి ఒకే ఒలింపిక్స్‌లో ఇద్దరు ఇంత దూరం వెళ్ళారన్నమాట.

కరాడ్ స్టేషన్లో దిగిన ఖాశాబాను నూటికి పైగా ఎద్దుబండ్లతో ఊరేగించారు. పావుగంటలో చేరే గోలేశ్వర్‌కు ఏడు గంటలు పట్టిందంటారు. మన వైపు తిరునాళ్ళలో బండలాగుడు గెలిచిన ఎద్దులను డప్పులతో ఊళ్ళోకి తెచ్చే దృశ్యం చూసినవాళ్ళకు ఆ ఊరేగింపు ఎలా ఉండి ఉంటుందో తెలుసు.

ఊరేగింపు అయిపోయాక ఖాశాబా చేసిన పని నాకు పతకం కంటే గొప్పగా అనిపిస్తుంది. కొల్హాపూర్‌లో కుస్తీపోటీలు పెట్టించి, తనే గోదాలో దిగి గెలిచి, ఆ సొమ్ము తెచ్చి ఖర్డేకర్ గారి ఇంటి తాకట్టు విడిపించాడు. మెడలో ఒలింపిక్ పతకం వేసుకున్నవాడు గురువుగారి అప్పు తీర్చడానికి మళ్ళీ మట్టిలో దిగాడు.

1955లో బొంబాయి పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరాడు. శాఖ తరఫున పోటీల్లో గెలిచాడు, కుర్రవాళ్ళకు శిక్షణ ఇచ్చాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు సిద్ధమవుతుండగా మోకాలికి దెబ్బ తగిలింది. అంతటితో ఆయన ఒలింపిక్ కథ ముగిసింది. ముప్ఫై ఏళ్ళకు కుస్తీవాడిలో ఇంకా బలం ఉంటుంది. ఈ రోజుల్లో అయితే ఆపరేషను, వ్యాయామ చికిత్స, వెన్నంటి ఉండే వైద్యులు ఉంటారు. ఆయనకు ఉన్నది ఉద్యోగం ఒక్కటే.

ఆ ఉద్యోగం సుమారు 27 ఏళ్ళు చేశాడు. పదోన్నతి కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసి, విరమణ దగ్గరపడ్డాక అసిస్టెంట్ కమిషనర్ అయ్యాడు. సొంత ఇంటికి ఒలింపిక్ నివాస్ అని పేరు పెట్టుకున్నాడు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో జ్యోతి పట్టుకుని పరుగెత్తే అవకాశం ఇచ్చారు. 1984 ఆగస్టు 14న రోడ్డు ప్రమాదంలో పోయాడు. జెండా ఎగరేయాలని అనుకున్న ఆగస్టు 15కు సరిగ్గా ఒక్కరోజు ముందు.

ఆ నెల నాకు బాగా గుర్తుంది. మేము తొమ్మిదో తరగతి. లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పి.టి. ఉష సెకనులో నూరో వంతుతో కాంస్యం పోగొట్టుకుందని రేడియోలో విని బడి అంతా బాధపడ్డాం. ఆ ఒలింపిక్స్ ముగిసిన రెండు రోజులకే ఖాశాబా చనిపోయాడు. మనవాళ్ళు ఒక్క పతకమైనా లేకుండా తిరిగొచ్చిన ఆ వారంలో, పతకం తెచ్చినవాడు పోయిన వార్త మనదాకా రాలేదు.

గుర్తింపు ఆయన పోయాకే వచ్చింది. అర్జున పురస్కారం 2000 సంవత్సరానికి ప్రకటించారు. 2010 కామన్వెల్త్ క్రీడల నాటికి ఢిల్లీ ఇందిరాగాంధీ క్రీడా ప్రాంగణంలోని కుస్తీ మందిరానికి ఆయన పేరు పెట్టారు. బతికుండగా పద్మ పురస్కారం ఏదీ రాలేదు. ఆయన తరువాత మరో భారతీయుడికి వ్యక్తిగత పతకం రావడానికి 44 ఏళ్ళు పట్టింది. అది 1996లో లియాండర్ పేస్‌కు టెన్నిస్‌లో. కుస్తీలో అయితే 56 ఏళ్ళు. 2008లో సుశీల్ కుమార్‌కు కాంస్యం, మళ్ళీ 2012లో రజతం.

ఈ మళ్ళీ అనే మాట దగ్గరే నేను ఆగిపోతుంటాను. నీటిపారుదలలో మాకొక లెక్క ఉంది. ఒక ఏడాది వరద బాగా వచ్చిందని దాన్ని చూసి ఆయకట్టు కట్టం. నూటికి డెబ్బై అయిదేళ్ళు వస్తుందని నమ్మదగిన నీటినే లెక్కలోకి తీసుకుంటాం. కృష్ణా జలాలను బచావత్ ట్రిబ్యునల్ పంచింది కూడా ఆ లెక్క మీదే. ఒక్కసారి వచ్చేది వరద, మళ్ళీమళ్ళీ వచ్చేదే ఆయకట్టుకు ఆధారం.

అమెరికా కాలేజీల్లో కుస్తీ విజేత మరుసటి ఏడాది మళ్ళీ గెలిచాడా లేదా అన్నది పెద్ద చర్చ. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన కేల్ శాండర్సన్ 1999 నుంచి 2002 వరకు నాలుగేళ్ళూ జాతీయ విజేతే. 159 పోటీల్లో ఒక్కటీ ఓడలేదు. ఆయన ప్రతిభను తక్కువ చేయను. కానీ చాప, శిక్షకుడు, ప్రయాణఖర్చు ఏ ఏడాదీ ఆయన వెతుక్కోవలసిన పని లేదు. మన తెలుగువాళ్ళలో చూడండి. శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి 1994, 1995లలో వరసగా ప్రపంచ విజేత. 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చింది. 2004లో ఏథెన్స్‌లో పోటీ పూర్తి చేయలేకపోయింది. పి.వి. సింధు రియోలో రజతం తెచ్చాక, టోక్యోలో కాంస్యం తెచ్చి రెండోసారి కూడా నిలబడింది. వెనక అకాడమీ, కోచ్, కన్నవాళ్ళ అండ ఉన్నాయి. ఖాశాబాకు మొదటిసారి రాజు ఉన్నాడు, రెండోసారి గురువు ఇల్లు ఉంది, మూడోసారి ఏమీ లేదు. మొదటిసారి గెలవడం మనిషి చేతిలో ఉంటుంది. మళ్ళీ గెలవాలంటే ఆ మనిషిని మళ్ళీ పంపేవాళ్ళు ఉండాలి.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాశానో చెబుతాను. ఆళ్ళగడ్డ వైపు నుంచి వచ్చి మా తరగతిలో చదివిన ఒక మిత్రుడు తొమ్మిదో తరగతిలో కర్నూలు వెళ్ళి కుస్తీలో గెలిచి వచ్చాడు. పేరు రాయను, మా బ్యాచ్‌కు తెలుసు. మరుసటి ఏడాది మళ్ళీ పిలుపు వచ్చింది. బస్సు ఛార్జీ, రెండు రోజుల భోజనం ఖర్చు ఇంటి దగ్గర పుట్టలేదు. అప్పుడు తరగతి చందాలు నా దగ్గరే ఉన్నాయి. వీడ్కోలు సభకు, గ్రూప్ ఫోటోకు వసూలు చేసినవి. వాడు అడగలేదు. నాకు తెలుసు, అయినా నేను ఇవ్వలేదు. ఆ ఫోటోలో వాడు వెనక వరసలో నిలబడి ఉన్నాడు. ఆ రోజు కర్నూల్లో ఉండాల్సినవాడు. తప్పు బడిది కాదు, మాస్టార్లది కాదు. లెక్కల పుస్తకం పట్టుకున్నవాడిది. ఖర్డేకర్ గారు ఇల్లు పెట్టారు. నేను ఫోటో డబ్బులు పెట్టలేకపోయాను.

వాడు మళ్ళీ గెలిచేవాడో కాదో నాకు తెలియదు. తెలుసుకునే అవకాశం మాత్రం వాడికి లేకుండా పోయింది.

ఉగాది పోటీల్లో బండ లాగిన ఎద్దులకు మరుసటి ఏటి దాకా ఉలవలు ఉడకబెట్టి పెట్టి, నీడలో కట్టేసి చూసుకునే ప్రాంతం మనది. గెలిచిన పిల్లవాడికి మాత్రం ఒక కప్పు ఇచ్చి, చప్పట్లు కొట్టి పంపించేస్తాం. స్వర్ణోత్సవ నిధితో బడి ముందు తోరణం కట్టించాలని కొందరు మిత్రులు అంటున్నారు. ఆళ్ళగడ్డ శిల్పులు ఉండగా తోరణం అందంగానే వస్తుంది, నేనూ నా వంతు ఇస్తాను. కానీ దానికి ముందు ఒక చిన్న నిధి పక్కన పెడదాం. ఆటల్లో గానీ చదువులో గానీ ఒకసారి గెలిచిన మన బడి పిల్లలను మరుసటి ఏడాది మళ్ళీ పంపడానికి మాత్రమే అది వాడాలి. బస్సు ఛార్జీ, భోజనం, బూట్లు, దెబ్బ తగిలితే వైద్యం. వెంట వెళ్ళడానికి, నిబంధనలు తెలిసిన పెద్దమనిషి ఒకరు. హెల్సింకిలో లేనిది అదే కదా.

మొదటి చెక్కు నాది. గ్రూప్ ఫోటో బాకీ 40 ఏళ్ళ వడ్డీతో సహా రాసి కార్యదర్శి గారికి అందజేశాను. స్వర్ణోత్సవ సభకు నా మిత్రుడు కూడా వస్తానన్నాడు. నిధికి ఒప్పుకుంటే, దాన్ని వాడి చేతుల మీదుగా ప్రారంభించాలని సభ్యులందరినీ కోరుతున్నాను.